సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు దూరమెంత? సమయమెంత?

(పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ ద్వితీయ సంవత్సరం)



దూరం, కాలం, వేగం. ఈ మూడింటి లెక్కలు మనకు ఆరో తరగతి నుంచీ తెలిసినవే. "ఒక రైలు గంటకు 60 కి.మీ. వేగంతో వెళితే 300 కి.మీ. దూరం ఎంతసేపట్లో చేరుతుంది?" అని అడిగితే, అయిదు గంటలని చిన్న తరగతివాళ్లు కూడా చెప్పేస్తారు. కానీ అదే ప్రశ్నను ప్రపంచంలో అటు చివరా ఇటు చివరా ఉన్న రెండు విమానాశ్రయాల గురించి అడిగితే పదో తరగతివాళ్లు కూడా తడబడతారు. అక్కడ దూరాన్ని ఎలా కొలవాలి? విమానం ఏ దారిన పోతుంది? గడియారం చూస్తే అయిదారు గంటల ప్రయాణంలా కనిపించేది నిజంగా పద్దెనిమిది గంటలెలా అవుతుంది? ఈ మూడు ప్రశ్నలకు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న జ్ఞానంతోనే జవాబు చెప్పుకోవచ్చు. ఒక అట్లాసు, ఒక స్కేలు, ఒక బత్తాయి కాయ ఉంటే చాలు.

ఉదాహరణగా సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయాన్ని, న్యూయార్క్‌లోని జాన్ ఎఫ్. కెన్నెడీ విమానాశ్రయాన్ని తీసుకుందాం. ఈ రెండింటి మధ్య ఎక్కడా దిగకుండా నేరుగా వెళ్లే విమానాన్ని సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2020 నవంబరు 9న మొదలుపెట్టింది. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా ఆగకుండా తిరిగే ప్రయాణికుల సర్వీసుల్లో దీనిదే అతి పెద్ద దూరం. అది 15,349 కి.మీ. ఆ అంకె ఎలా వచ్చిందో మనమే కనుక్కుందాం.

ఒక డిగ్రీకి ఎన్ని కిలోమీటర్లు?

భూమి చుట్టుకొలత సుమారు 40,030 కి.మీ. వృత్తానికి 360 డిగ్రీలు. కాబట్టి ఒక డిగ్రీకి 40,030 ÷ 360 = 111.2 కి.మీ. ఈ ఒక్క అంకె గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

40,000 అనే గుండు అంకెకు ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం కాదు. 1790లలో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు మీటరును నిర్ణయించినప్పుడు, ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటివ వంతును ఒక మీటరు అనుకున్నారు. కోటి మీటర్లంటే 10,000 కి.మీ. అది భూమి చుట్టుకొలతలో నాలుగో వంతు. అందువల్ల చుట్టుకొలత దాదాపు 40,000 కి.మీ. అయింది. అంటే మన దగ్గరున్న స్కేలును భూమిని చూసే తయారుచేశారన్నమాట!

దీన్ని ముందు మన ఊళ్లమీద పరీక్షిద్దాం. హైదరాబాదు 17.38 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కడప 14.47 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. రెండూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. తేడా 2.91 డిగ్రీలు. 2.91 × 111.2 = 324 కి.మీ. అయితే బస్సులో వెళ్లేవాళ్లకు కర్నూలు మీదుగా నాలుగు వందల కి.మీ. పైనే అవుతుంది. రోడ్డు వంకరలు తిరుగుతుంది, ఊళ్లను కలుపుకుంటూ పోతుంది. మన లెక్కలో వచ్చింది పక్షి ఎగిరే దూరం. విమానం దూరం కూడా ఇలాంటిదే.

గోడమీది పటం చేసే మోసం

తరగతి గదిలో గోడకు తగిలించిన ప్రపంచ పటం చూడండి. సింగపూర్ కుడివైపు, భూమధ్యరేఖను ఆనుకొని ఉంటుంది. న్యూయార్క్ ఎడమవైపు, పైన ఉంటుంది. స్కేలు పెట్టి గీత గీస్తే అది ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుంది. అదే దగ్గరి దారి అనిపిస్తుంది. కానీ కాదు. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరచడంలో వచ్చిన చిక్కు ఇది.

ఇప్పుడు బత్తాయి కాయ తీసుకోండి. తొడిమ ఉన్న చోటును ఉత్తర ధ్రువం అనుకోండి. లోపలి తొనల మధ్య గీతలు ఎలా తొడిమ నుంచి అడుగు వరకు వస్తాయో, భూమిమీద రేఖాంశాలు కూడా అలాగే ధ్రువం నుంచి ధ్రువానికి వస్తాయి. కాయ నడుము దగ్గర ఒక గుండుసూది గుచ్చండి. అది సింగపూర్. కాయను సరిగ్గా సగం తిప్పి, అటువైపు నడుముకీ తొడిమకీ మధ్య, నడుముకు కాస్త దగ్గరగా ఇంకో సూది గుచ్చండి. అది న్యూయార్క్. ఒక దారం తీసుకొని రెండు సూదుల మధ్య బిగించి లాగండి. దారం నడుము చుట్టూ తిరగదు, జారిపోయి తొడిమ మీదుగా వెళుతుంది! గోళంమీద రెండు బిందువుల మధ్య బిగించిన దారం పోయే దారినే మహావృత్తం అంటారు. గోళంమీద అదే అతి దగ్గరి దారి.

లెక్క ఇదిగో

చాంగీ విమానాశ్రయం: 1.36 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 103.99 డిగ్రీల తూర్పు రేఖాంశం.
కెన్నెడీ విమానాశ్రయం: 40.64 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 73.78 డిగ్రీల పశ్చిమ రేఖాంశం.

ఒకటి తూర్పు, ఇంకొకటి పశ్చిమం కాబట్టి రేఖాంశాలను కూడాలి. 103.99 + 73.78 = 177.77 డిగ్రీలు. ఇది 180కి ఎంత దగ్గరో చూడండి. అంటే ఈ రెండు నగరాలూ భూమికి దాదాపు ఎదురెదురు తొనల మీద ఉన్నాయి. కనుక సింగపూర్ నుంచి నేరుగా ఉత్తర ధ్రువం దాకా ఎక్కి, అటువైపు దిగితే సరిపోతుంది.

సింగపూర్ నుంచి ధ్రువానికి: 90 – 1.36 = 88.64 డిగ్రీలు.
ధ్రువం నుంచి న్యూయార్క్‌కు: 90 – 40.64 = 49.36 డిగ్రీలు.
మొత్తం: 138 డిగ్రీలు.
దూరం: 138 × 111.2 = 15,346 కి.మీ.

అందరూ చెప్పే అంకె 15,349. మనకు వచ్చింది 15,346. కూడికలు, తీసివేతలు, ఒక్క గుణకారంతో మూడు కిలోమీటర్ల తేడాలోకి వచ్చేశాం! అదే భూమధ్యరేఖ వెంట సగం భూమి తిరిగి, తర్వాత ఉత్తరానికి ఎక్కితే ఎంతవుతుందో చూడండి. 177.77 డిగ్రీలకు 19,768 కి.మీ., పైన 39.28 డిగ్రీలకు 4,368 కి.మీ., మొత్తం 24,136 కి.మీ. దారి సరిగ్గా ఎంచుకుంటే ఎనిమిది వేల ఏడు వందల కి.మీ. పైనే మిగులుతుంది.

ఏ రెండు ఊళ్లకైనా పనికొచ్చే సూత్రం ఇంటర్మీడియట్ చదివే తమ్ముళ్ల కోసం ఇస్తున్నాను. రెండు ఊళ్ల అక్షాంశాలు అ, ఆ అనుకోండి. రేఖాంశాల తేడా ఇ అనుకోండి.

దూర కోణపు కొసైన్ = (సైన్ అ × సైన్ ఆ) + (కొసైన్ అ × కొసైన్ ఆ × కొసైన్ ఇ)

మన ఉదాహరణలో మొదటి భాగం 0.0237 × 0.6513 = 0.0154. రెండో భాగం 0.9997 × 0.7588 × (–0.9992) = –0.7580. రెండూ కలిపితే –0.7426. పట్టికలో చూస్తే ఈ కొసైన్ ఉన్న కోణం 137.95 డిగ్రీలు. దాన్ని 111.2తో గుణిస్తే 15,340 కి.మీ. భూమి అచ్చమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకొని ఉంటుంది. అందుకే కొన్ని కిలోమీటర్ల తేడా మిగిలింది. ఈ సూత్రం ప్రకారం దారి ధ్రువం మీదుగా కాకుండా, దానికి సుమారు 280 కి.మీ. పక్కనుంచి పోతుంది. థాయ్‌లాండ్, లావోస్, చైనా, మంగోలియా, సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం, కెనడా... వరసగా ఇవన్నీ దాని కింద వస్తాయి.

మరి సమయం?

పెద్ద జెట్ విమానం వేగం గంటకు సుమారు 900 కి.మీ. 15,349ని 900తో భాగిస్తే 17 గంటల 3 నిమిషాలు. కానీ ఈ ప్రయాణానికి పట్టే సమయం పద్దెనిమిది, పందొమ్మిది గంటల మధ్య ఉంటుంది. మిగతా సమయం ఎక్కడికి పోయింది?

మొదటి కారణం, టైంటేబుల్‌లో వేసే సమయం గాల్లో ఉన్న సమయం ఒక్కటే కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల ఆగే వరకు లెక్క. రన్‌వే దాకా పోవాలి, వరసలో ఆగాలి, మెల్లగా పైకెక్కాలి, దిగేముందు వేగం తగ్గించుకోవాలి.

రెండో కారణం, విమానం మహావృత్తం మీదే పోవాలని లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక చాలా విమాన సంస్థలు రష్యా గగనతలంలోకి వెళ్లడం మానేశాయి. సైబీరియా మీదుగా పోకపోతే మనం గీసిన దారి మూసుకుపోయినట్టే. అదీకాక ధ్రువం దగ్గర ఆపద వస్తే దిగడానికి విమానాశ్రయాలు తక్కువ. చలి కూడా లెక్కలోకి వస్తుంది. విమానాల్లో వాడే జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది.

మూడో కారణం గాలి. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు ఏరులా పారే గాలులుంటాయి. వీటిని జెట్ ప్రవాహాలు అంటారు. గంటకు వంద, రెండు వందల కి.మీ. వేగం మామూలు. చలికాలంలో ఇంకా పెరుగుతుంది. జపాన్‌కు చెందిన వాసబురో ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగరేసి ఈ గాలులను కొలిచాడు. అందరికీ అర్థం కావాలని ఎస్పరాంటో అనే అంతర్జాతీయ భాషలో రాశాడు. ఆ భాష తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి బయట చాలామందికి ఆ సంగతి చేరనేలేదు! శాస్త్రం కనుక్కోవడం ఒక ఎత్తయితే, దాన్ని జనం చదివే భాషలో చెప్పడం ఇంకో ఎత్తు.

గోదావరిలో ప్రవాహం వెంట పడవ ఎలా జోరుగా పోతుందో, ఎదురీదితే ఎలా నెమ్మదిస్తుందో విమానానికి కూడా అంతే. 9,000 కి.మీ. దూరం ఉందనుకోండి. గాలి లేకపోతే పోవడానికి 10 గంటలు, రావడానికి 10 గంటలు, మొత్తం 20. గంటకు 100 కి.మీ. గాలి ఉంటే వెంటగాలిలో 9,000 ÷ 1,000 = 9 గంటలు. ఎదురుగాలిలో 9,000 ÷ 800 = 11 గంటల 15 నిమిషాలు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. పోయేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు పోయింది, లెక్క సమానమే అనుకుంటాం కదా! సమానం కాదు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ.

అందుకే పైలట్లు దగ్గరి దారిని కాకుండా తక్కువ సమయం పట్టే దారిని వెతుకుతారు. 15,350 కి.మీ. గాలి లేని దారిలో పోతే 17 గంటల 3 నిమిషాలన్నాం. పసిఫిక్ మీదుగా 16,300 కి.మీ. చుట్టుదారి ఉందనుకుందాం. సగటున గంటకు 50 కి.మీ. వెంటగాలి దొరికితే 16,300 ÷ 950, అంటే 17 గంటల 9 నిమిషాలు. దారి 950 కి.మీ. పెరిగినా సమయం ఆరు నిమిషాలే పెరిగింది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు పసిఫిక్ మీదుగా తూర్పుకు పోయిన విమానం, తిరుగు ప్రయాణంలో అట్లాంటిక్, యూరప్‌ల మీదుగా మళ్లీ తూర్పుకే రావడం కూడా ఉంటుంది. గాలి ఎటు తోస్తే అటే లాభం మరి.

ఇంధనం బరువు, సీట్ల లెక్క

ఇంతదూరం ఎగరాలంటే ఇంధనం మోయాలి. ఇంధనం మోయాలంటే ఇంకా ఇంధనం కావాలి. ఈ చిక్కువల్లే ఇలాంటి ప్రయాణం నిలదొక్కుకోవడానికి చాలాకాలం పట్టింది. సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కు 2004లో ఎయిర్‌బస్ ఏ340-500 విమానంతో సర్వీసు మొదలైంది. దానికి నాలుగు ఇంజన్లు. ఇంధనం ఖర్చు భరించలేక 2013లో ఆగిపోయింది. రెండు ఇంజన్ల ఏ350-900 యూఎల్ఆర్ విమానం వచ్చాక 2018 అక్టోబరులో మళ్లీ మొదలైంది.

ఈ విమానం ట్యాంకుల్లో 1,65,000 లీటర్లు పడుతుంది. లీటరు సుమారు 0.8 కిలోలు. అంటే 132 టన్నులు. బయలుదేరేటప్పుడు విమానం మొత్తం బరువు 280 టన్నులు దాటకూడదు. దాదాపు సగం బరువు ఇంధనమే! అందుకే మనుషుల్ని తగ్గించారు. అదే సంస్థ మామూలు దూరప్రయాణాల ఏ350-900లో 253 సీట్లు పెడితే, 2018లో ఈ విమానంలో 161 పెట్టింది. తక్కువ ధర ఎకానమీ తరగతి అందులో లేనేలేదు. దూరం పెరిగేకొద్దీ ముందుగా చోటు పోయేది తక్కువ డబ్బున్నవాళ్లకే అన్న సంగతి కూడా ఈ లెక్కలో కనిపిస్తుంది.

గడియారం చెప్పే అబద్ధం

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు. తూర్పున ఉన్నవాళ్లకు ముందు తెల్లవారుతుంది. చలికాలంలో సింగపూర్ గడియారం న్యూయార్క్ కంటే 13 గంటలు ముందుంటుంది. వేసవిలో అమెరికావాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా 12 గంటలే.

చలికాలంలో మంగళవారం మధ్యాహ్నం 12కి సింగపూర్‌లో విమానం బయలుదేరి, 18 గంటల 30 నిమిషాలు ప్రయాణించిందనుకుందాం. బయలుదేరేసరికి న్యూయార్క్‌లో ఇంకా సోమవారం రాత్రి 11. దానికి పద్దెనిమిదిన్నర కలిపితే మంగళవారం సాయంత్రం 5.30. టిక్కెట్టు చూస్తే మధ్యాహ్నం ఎక్కి సాయంత్రం దిగినట్టే, అయిదున్నర గంటల ప్రయాణంలాగే కనిపిస్తుంది. తిరుగు ప్రయాణం రాత్రి 10.30కి మొదలై 18 గంటల 45 నిమిషాలు పట్టిందనుకోండి. సింగపూర్‌లో దిగేసరికి ఎల్లుండి ఉదయం 6.15. టిక్కెట్టుమీద 31 గంటల 45 నిమిషాలు!

ఇక్కడొక చిట్కా ఉంది. పోను, రాను కనిపించే రెండు సమయాలను కూడి సగం చేయండి. 5.30కి 31.45 కలిపితే 37 గంటల 15 నిమిషాలు. సగం 18 గంటల 37 నిమిషాలు. రెండు ప్రయాణాల నిజమైన సగటు కూడా అంతే. ఒకవైపు కలిసిన 13 గంటలు ఇంకోవైపు పోయి, రెండూ కొట్టుకుపోతాయి. గడియారాల తేడా తెలియకపోయినా ప్రయాణ సమయం ఇలా బయటపడుతుంది.

ఇది మనకెందుకు?

"విమానం ఎక్కేవాళ్లకు కావాలిగానీ ఈ లెక్కలు మనకెందుకన్నా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. మన హాస్టల్‌లోనే కువైట్, దుబాయ్, సౌదీల్లో నాన్నలు, అన్నలు పనిచేస్తున్న పిల్లలున్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి ఎన్నో ఏళ్లుగా గల్ఫ్‌కు వెళ్తున్నారు. వాళ్ల చేతిలో పెట్టే టిక్కెట్టు చదవగలిగేవాడు ఇంట్లో ఒక్కడైనా ఉండాలి కదా.

హైదరాబాదులో ఉదయం 10కి ఎక్కి దుబాయ్‌లో మధ్యాహ్నం 12.30కి దిగుతారని ఉందనుకోండి. ప్రయాణం రెండున్నర గంటలు కాదు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. కాబట్టి నాలుగు గంటలు. మధ్యలో ఇంకో ఊళ్లో విమానం మారాలంటే అక్కడ ఎంతసేపు కూర్చోవాలో కూడా ఇలాగే తేల్చుకోవచ్చు. మారడానికి గంటే ఉందా, పది గంటలుందా అన్నది ముందే తెలిస్తే, అన్నం మూట కట్టాలా వద్దా అన్నది అమ్మ కూడా నిర్ణయిస్తుంది. ఏజెంటు "దగ్గరే, ఇట్టే పోతావు" అన్నా, మన చేతిలో కాగితం, పెన్సిలు ఉంటే నిజమెంతో మనమే చెప్పొచ్చు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదట. మా ఊరివాళ్లు ఇప్పటికీ ఏ కాగితం వచ్చినా మా గుమ్మం దగ్గరికి తెస్తారు. కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు, వీసా, టిక్కెట్టు... చదివినవాడి మీద వాళ్లకున్న నమ్మకం అది. మీలో చాలామంది రేపు మీ ఊళ్లలో ఆ స్థానంలో నిలబడతారు. అందుకే పరీక్షకు ఎంత కావాలో అంతే చదివి వదిలేయకండి.

అక్షాంశాలు, రేఖాంశాలు సాంఘికశాస్త్రంలో ఉన్నాయి. సైన్, కొసైన్ గణితంలో ఉన్నాయి. గాలి, బరువు, చలి భౌతికశాస్త్రంలో ఉన్నాయి. పుస్తకాలు వేరైనా విమానం మాత్రం ఒక్కటే. ఒక పుస్తకంలోది ఇంకో పుస్తకంలోకి తీసుకెళ్లడం అలవాటైతే లెక్కలంటే భయం దానంతటదే తగ్గుతుంది.

మీకు అభ్యాసం

1. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అక్కడి నుంచి న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయానికి మహావృత్త దూరం ఎంత? (సుమారు 12,970 కి.మీ. రావాలి.)

2. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ పనిచేసే నాన్న సాయంత్రం 6.30కి గదికి చేరుకుంటారు. హాస్టల్ నుంచి ఆయనకు ఎన్ని గంటలకు ఫోన్ చేయాలి?

3. భూమిమీద ఏ రెండు చోట్ల మధ్యనైనా మహావృత్త దూరం సుమారు 20,000 కి.మీ. మించదు. ఎందుకు? బత్తాయి కాయమీద దారం పెట్టి చూపించండి.

ఆదివారం స్టడీ అవర్‌లో నలుగురేసి కూర్చొని చేయండి. మొదటి లెక్క పదో తరగతి వాళ్లకు కష్టమైతే ఇంటర్మీడియట్ అన్నలను అడగండి. మూడోది అయ్యాక కాయను తొనలుగా పంచుకొని తినేయండి!